బొగ్గుగనుల సీమ మరువరాని అధికారి

గోదావరి కుడిగట్టుననున్న రామగుండము, గోదావరిఖని నేలక్రింది బొగ్గును నమ్ముకొని పెరిగిన పట్టణములు. అచ్చట దినము సూర్యోదయముతో గాక షిఫ్టు సైరనుతో మొదలగును. బావిలోనికి దిగినవాడు తిరిగి గడప త్రొక్కువరకు ఇంటివారి మనస్సు కుదుటపడదు. అయితే ఈ యెదురుచూపు గని కార్మికుని యింటికే పరిమితము కాలేదు. అర్ధరాత్రి పిలుపు రాగా బెల్టు బిగించుకొని వెడలిన పోలీసువాని యింటను ఒకప్పుడు ఇదియే యెదురుచూపు.

2016 అక్టోబరులో పెద్దపల్లి జిల్లా యేర్పడువరకు ఈ సీమ కరీంనగరము జిల్లాలోనిది. ఆ జిల్లాకు పోలీసు సూపరింటెండెంటుగా పనిచేసి, పిమ్మట హైదరాబాదు నడివీథిలో నేలకొరగిన చదలవాడ ఉమేశ్‌చంద్ర గారిని ఇచ్చటివారు స్మరించుట సహజము. ఆయన 1966 మార్చి 19న పశ్చిమ గోదావరి జిల్లా పెదపుల్లేరులో జన్మించిరి. హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివి, 1991లో ఐ.పి.ఎస్.లో చేరిరి. వరంగల్లు, కడప, కరీంనగరము ఆయన పనిచేసిన చోటులు. ముఠాకక్షలతో అట్టుడికిన కడపలో ప్రజలు ఆయనను ‘కడప పులి’ యని పిలుచుకొనిరి. పిరికివానికి అట్టి బిరుదు దక్కదు. ప్రజలకు దూరముగా మెలగినవానికిని దక్కదు.

అవి క్లిష్టమైన దినములు. 1980లో పుట్టిన పీపుల్స్‌వార్ ఉత్తర తెలంగాణమున వేళ్లూనినది. సింగరేణి కార్మికవాడలలో సైతము దాని మాట చెల్లినది. 1993 ఒక్క యేటనే ఇద్దరు ఉన్నతాధికారులు బలియైరి. గ్రేహౌండ్స్ దళమును నిర్మించిన కె.ఎస్. వ్యాస్ గారు జనవరి 27న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియములో హత్యకు గురియైరి. మహబూబ్‌నగరము సూపరింటెండెంటు పరదేశినాయుడు గారు నవంబరు 14న సోమశిల దగ్గర మందుపాతర ప్రేలి మరణించిరి. ఇట్టివి చూచియు ఉమేశ్‌చంద్ర గారు కరీంనగరమునకు వెనుదీయలేదు.

1999 సెప్టెంబరు 4వ తేదీ. హైదరాబాదులోని సంజీవరెడ్డి నగరము కూడలి. ట్రాఫిక్కులో ఆగిన ఆయన కారుపై పీపుల్స్‌వార్ సాయుధులు తుపాకులు పేల్చిరి. డ్రైవరును, అంగరక్షకుడును అచ్చటనే కూలిరి. ఉమేశ్‌చంద్ర గారు కారు దిగి, చేత ఆయుధము లేకున్నను హంతకులను తరుముకొనిపోయిరి. వారు వెనుదిరిగి కాల్చిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదిమూడు. ఆ కూడలిలో నేడు ఆయన విగ్రహము కలదు.

విగ్రహమునకు మ్రొక్కువారు ఒక్క క్షణము ఆలోచింపవలసిన సంగతి యున్నది. ఆనాడు మరణించినవారు ముగ్గురు. అధికారి పేరు లోకమెరుగును; తక్కిన యిద్దరి పేర్లు అడిగిన చెప్పగలవారు అరుదు. ప్రమాదము మాత్రము వారికి తక్కువ చేసి పంచలేదు. బొగ్గుబావి కూలినపుడు సర్దారనియు కూలీయనియు నేల భేదము చూపదు గదా! స్మరణము మాత్రమేల భేదము చూపవలెను?

మరియొక నిజమును గూడ దాచరాదు. ఆ కాలపు ఎదురుకాల్పులను గురించి పౌరహక్కుల వారు గట్టి ప్రశ్నలు లేవదీసిరి. అవి న్యాయస్థానముల ముందును నిలిచినవి. తుపాకికి ఇరువైపుల నిలిచినవారిలో అనేకులు పేదయిండ్ల బిడ్డలే. ఒకే వాడలో ఒక తల్లి కానిస్టేబులు కొడుకునకై, మరియొక తల్లి అడవిదారి పట్టిన కొడుకునకై కన్నీరు పెట్టిన రోజులవి. పగను పెంచుటకైన స్మరణము ఆ తల్లులలో ఎవ్వరికిని ఊరట కాదు. చట్టమునకు లోబడి చట్టమును కాపాడువాని ధైర్యమును తలంచుటయే సరియైన స్మరణము.

1959 అక్టోబరు 21న లడాకులోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యపు కాల్పులలో పదిమంది పోలీసులు అసువులు బాసిరి. నాటినుండి ఆ తేదీ దేశమంతటను పోలీసు అమరవీరుల సంస్మరణ దినము. 2018లో అదే తేదీన ఢిల్లీలో జాతీయ పోలీసు స్మారకము వెలసినది. ఆ దినమున తుపాకులు తలక్రిందులుగా పట్టి, ఆ యేడు అసువులు బాసినవారి పేర్లను ఒక్కొక్కటిగా చదువుదురు. అందు హోదాలకు పట్టింపు లేదు. కానిస్టేబులు పేరును అధికారి పేరును ఒకే గొంతు పలుకును. రామగుండము కమిషనరేటు మైదానమున వినబడు ఆ పేర్లను గనివాడల పిల్లలు గూడ వినవలెను. తండ్రి ఇంటికి రాని రాత్రి యెట్టిదో వారికి వేరుగ చెప్పనక్కరలేదు.