మందు కొట్టే పనికి ఒక చీటీ

మన హాస్టల్లో "మందు కొట్టడం" అంటే ఒక అర్థం, మా ఊళ్ళో ఇంకో అర్థం. నేను చెప్పబోయేది రెండోదాని గురించే, నిరాశపడకండి.

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. సార్వా, దాళ్వా రెండు పంటలూ వరే. పోయిన సార్వాలో చేలు పొట్ట మీద ఉండగా సుడిదోమ పడింది. మా చేలకు మందు కొట్టే ఆయన్ని వరసకి మావయ్యా అంటాం. ఆ రోజు ఆయన ముగ్గురి చేలల్లో కొట్టాడు. సాయంత్రానికి వాంతులు, ఒళ్ళంతా చెమటలు. బాబాయీ నేనూ బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న: "ఏం మందు కొట్టాడు?"

మా దగ్గర జవాబు లేదు. ఫోన్ చేస్తే ఒక రైతు "పచ్చ డబ్బా అండి" అన్నాడు. ఇంకొకాయన "షాపాయన ఏదిస్తే అదే కొట్టించానండి, ఆయ్" అన్నాడు. బాబాయి ఊరికి వెనక్కెళ్ళి, టార్చిలైటు వేసుకుని బోదె గట్టు మీద ఖాళీ సీసాలు ఏరుకొచ్చాడు. ఈలోగా డాక్టరు గారు లక్షణాలు చూసి వైద్యం మొదలుపెట్టేశారు కాబట్టి సరిపోయింది. మావయ్య నాలుగో రోజు ఇంటికొచ్చాడు.

పేరు ఎందుకంత ముఖ్యమంటే, ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులకి అట్రోపిన్ విరుగుడుగా పనిచేస్తుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లకి ప్రత్యేకమైన విరుగుడంటూ లేదు. డబ్బా రంగు చూసి ఇవేవీ చెప్పలేం. డబ్బా మీద లేబుల్లో ఉండే ముక్కోణం రంగు మాత్రం విషం తీవ్రత చెబుతుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

చీటీలో ఏముండాలి?

బైకు సర్వీసింగుకి ఇస్తే మెకానిక్ జాబ్ కార్డు రాస్తాడు. ఏ బండి, ఏం పని, ఎవరు చేశారు, ఎంతైంది అన్నీ అందులో ఉంటాయి. చైను బిగించడానికి కాగితం ఉంది, విషం చల్లడానికి లేదు! కంపెనీల్లో దీన్నే వర్క్ ఆర్డర్ అంటారు. నేను పని చీటీ అంటాను. నా మినీ ప్రాజెక్టు ఇదే.

ఒక చీటీ అంటే ఒక చేను, ఒక రోజు, ఒక పని. అందులో ఏ పురుగు, ఏ మందు, ఎకరానికి ఎంత, ఎవరు కొట్టాలి అన్నది ముందే రాయాలి. మందు కాలమ్‌లో కంపెనీ పెట్టిన పేరుతో పాటు అసలు రసాయనం పేరు కూడా ఉండాలి. పని అయ్యాక నిజంగా ఎంత పడింది, ఎన్నింటికి మొదలైంది, గాలి ఎలా ఉంది అన్నది పక్క కాలమ్‌లో రాయాలి. అనుకున్నది వేరు, జరిగింది వేరు. ఒకదాని మీద ఇంకోటి రాసేస్తే చీటీకి అర్థమే లేదు.

నా మొదటి తప్పు

సర్వే నంబరు పెడితే రైతు పేరు దానంతటదే వచ్చేలా రాశాను. బాబాయి చూసి, "ఒరేయ్, ఈ పేరున్నాయన హైదరాబాదులో ఉంటాడు. చేసేది కౌలుకి నేను" అన్నాడు. గోదావరి జిల్లాల్లో కౌలు సేద్యమే ఎక్కువ. భూమి యజమాని ఒకరు, సాగుదారు ఒకరు. రెండూ వేర్వేరు కాలమ్‌లు కావాలి. మన ప్రభుత్వ ఈ-క్రాప్ నమోదులో కూడా సాగుదారు పేరు విడిగా ఉంటుంది. అది చూసైనా నాకు ముందే తట్టాల్సింది.

లీటరుకా, ఎకరానికా?

రెండో తప్పు ఇంకా పెద్దది. సుడిదోమకి వాడే పైమెట్రోజిన్ 50 శాతం మందుని లీటరు నీటికి 0.6 గ్రాములు అని చెబుతారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు లెక్క, అంటే 120 గ్రాములు. నేను లీటరు లెక్కే దాచాను. డ్రోను అయితే ఎకరానికి 10 లీటర్లే చల్లుతుంది. నా ప్రోగ్రాం శుభ్రంగా గుణించి "6 గ్రాములు" అని చూపించింది.

మావయ్య నవ్వాడు. "ఆరు గ్రాములా? అల్లుడూ, ఇది మందా, ముక్కుపొడుమా?"

నీళ్ళు తగ్గినా ఎకరానికి పడాల్సిన మందు తగ్గదు. అందుకే ఇప్పుడు మోతాదు ఎకరం లెక్కలోనే దాస్తున్నాను, నీళ్ళు విడిగా. చేతి స్ప్రేయరుతోనూ ఇదే గొడవ. 16 లీటర్ల ట్యాంకుతో 200 లీటర్లంటే పన్నెండున్నర ట్యాంకులు. ఎండకి విసిగి ఎనిమిది ట్యాంకులతో ముగించేస్తే 77 గ్రాములే పడుతుంది. దోమ చావదు, మళ్ళీ కొట్టాలి, మళ్ళీ ఖర్చు. ఇప్పుడు చీటీలో ట్యాంకుల సంఖ్య పెద్ద అక్షరాల్లో వస్తుంది.

ఆపడం కూడా పనే

సాఫ్ట్‌వేర్ అసలు ఉపయోగం లెక్కల్లో కాదు, అడ్డుపడటంలో ఉంది. సుడిదోమ అని రాసి సింథటిక్ పైరిత్రాయిడ్ ఎంచుకుంటే నా ప్రోగ్రాం చీటీ ఇవ్వదు. ఆ మందులు దోమని తినే సాలీళ్ళనీ మిగతా మిత్ర పురుగులనీ చంపేసి, దోమని ఇంకా పెంచుతాయి. పక్కన రొయ్యల చెరువు ఉంటే గాలి ఎటు వీస్తోందో రాయకుండా చీటీ ముందుకి కదలదు. రొయ్యకీ పురుగుకీ చుట్టరికం ఉంది, పురుగుని చంపే మందుకి ఆ తేడా తెలీదు. కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలో లేబుల్ మీద ఉంటుంది. కోత తేదీ ఇస్తే అదీ చూసుకుంటుంది.

"ఆగిపోయింది" అనే స్థితి కూడా పెట్టాను. గాలి ఎక్కువైతే ఆ బటన్ నొక్కి కారణం రాయాలి. పని మానేసినందుకు మావయ్యని ఎవరూ తిట్టకుండా ఆ కాగితం కాపాడుతుంది. 2023లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇవ్వాలని నిర్ణయించింది. డ్రోనుతో ఒక్క రోజులో ఎన్నో చేలు తిరగొచ్చు కాబట్టి ఎవరి చేలో ఏం పడిందో గుర్తుపెట్టుకోవడం ఇంకా కష్టం.

చేలో సిగ్నల్ ఉండదు కాబట్టి అన్నీ ముందు ఫోన్లోనే దాచి, ఊళ్ళోకొచ్చాక పంపుతుంది. మందు చేతులతో ఫోన్ ముట్టకూడదు కాబట్టి కలపకముందు ఒకసారి, సబ్బుతో కడుక్కున్నాక ఒకసారి, అంతే. చీటీ ఉంది కదా అని మాస్కు, గ్లౌజులు మానేస్తే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

దాళ్వాలో బాబాయి చేలకి ఇదే వాడాం. చివర్లో ఒక చిన్న మార్పు చేశాను. మావయ్య "మొదలు" నొక్కగానే మందు పేరు, లేబుల్ ఫోటో అత్త ఫోన్‌కి వెళ్తాయి. అత్తకి ఆ పేరు పలకడం రాదు. "పలకక్కర్లేదు అత్తా, ఎవరైనా అడిగితే చూపించు చాలు" అన్నాను.