కంప్యూటరులోని కానరాని కాపరి

మన పాఠకురాండ్రలో పెక్కురు నేడు గృహమున కంప్యూటరును వాడుచున్నారు. పిల్లల పాఠములు, బ్యాంకు లెక్కలు, పరదేశముననున్న కుమార్తెతో సంభాషణము, అన్నియు దానియందే. అయినను దానిలోపల రెండవ యంత్రమొకటి కలదని యెరిగినవారు అరుదు.

పూర్వము ద్రోణాచలమని పేరుగల మా డోన్ జంక్షనులో గుంతకల్లు, నంద్యాల, కర్నూలు మార్గములు కలియుచున్నవి. బండి యెక్కినవారికి పెట్టెయు కిటికీయు కనబడును గాని, బండిని ఏ పట్టాపైకి మలపవలెనో నిర్ణయించు కేబిను కనబడదు. ఇంటెల్ వారి కంప్యూటర్లలో అట్టి కేబినే మేనేజ్‌మెంట్ ఇంజన్. ఇది ముఖ్య ప్రాసెసరునకు వేరైన చిన్న ప్రాసెసరు. దీనికి సొంత ఫర్మ్‌వేరు, అనగా యంత్రముతోడనే కూర్చియిచ్చు ఆజ్ఞావళి, కలదు. కార్యాలయములకై చేసిన యంత్రములలో దూరముననున్న అధికారి దీని మూలమున కంప్యూటరును నడుపవచ్చును. కరెంటు తీగయు నెట్‌వర్కు తీగయు తగిలియున్నచో, ఆపివేసిన యంత్రమును సైతము మేల్కొలుపవచ్చును.

2017 మే నెలలో ఇందలి దోషమొకటి బయటపడినది. ఎంబెడి సంస్థకు చెందిన మాక్సిం మాల్యుటిన్ దానిని కనుగొనెను. సంకేతపదమునకై వచ్చిన జవాబును సరిచూచు కాపరి, వచ్చినవాడు ఎన్ని అక్షరములు పలికిన అన్నింటినే పోల్చుచుండెనట! ఏమియు పలుకనివానియందు తప్పేమియు కానరాదు గనుక వానిని లోనికి విడుచుచుండెను. ఇట్టివానిని మన వాకిట ఒక్క పూటయైనను నిలుపుదుమా?

2018 జనవరిలో ఎఫ్-సెక్యూర్ సంస్థవారు మరియొకటి తెలిపిరి. యజమాని మార్చకుండ విడిచిన 'అడ్మిన్' అను తొలి సంకేతపదముతో, లాప్‌టాపు చేతికందినవాడు నిమిషములోపల దానిని వశపరచుకొనగలడు.

గృహములకై అమ్ము సాధారణ యంత్రములలో ఈ దూరపాలన సౌకర్యము తరచుగా నుండదు. కాని కార్యాలయములవారు వాడి విడిచిన లాప్‌టాపులు చౌకగా దొరకునని బిడ్డల చదువునకై కొనువారము మనమే కదా! ధర బేరమాడినట్లే ఈ సంగతియు అడుగవలయును. దూరపాలనను బయాసులో మూయించి, తొలి సంకేతపదమును మార్పించి, తయారుచేసిన కంపెనీ యిచ్చిన క్రొత్త ఫర్మ్‌వేరును వేయించుకొనుడు. అది వేయునపుడు నడుమ కరెంటు పోయినచో యంత్రము మరల లేవకపోవచ్చును గనుక, బ్యాటరీ నిండుగనుండి చార్జరును తగిలియుండవలెను.

2020 మార్చిలో పాజిటివ్ టెక్నాలజీస్ వారు ప్రకటించిన దోషము మాత్రము చిప్పులోనే చెక్కబడినది. ఫర్మ్‌వేరు మార్చినను అది పూర్తిగా తొలగదు. అట్టి యంత్రమును అపరిచితుల చేతికీయకుండుటయే మనకు మిగిలిన యుపాయము.