స్టూలు వేస్తే పోయేదేముంది?

తరచూ కళ్లు తిరిగేవాళ్లు కొలువు నిలబెట్టుకోవాలంటే మందులతో పాటు కూర్చునే వీలూ కావాలి

బట్టల షాపులో సేల్స్ గర్ల్ ఒకసారి కళ్లు తిరిగి పడిపోతే ‘పొద్దున ఏమీ తినలేదేమో’ అంటాం. మళ్లీ మళ్లీ పడిపోతే ‘ఈ అమ్మాయి పనికి ఆగదు’ అనేస్తాం. రెండు మాటల్లోనూ లోపం మనిషిదే తప్ప, పొద్దస్తమానం నిలబెట్టే పనిది కాదు. ఒంట్లో జరిగేది చూస్తే ఆ తీర్పు నిలవదు. లేచి నిలబడగానే దాదాపు అర లీటరు రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. రక్తనాళాలు బిగుసుకుని, పిక్కల కండరాలు కదిలి దాన్ని పైకి నెట్టాలి. ఆ సర్దుబాటు కుదరకపోతే కళ్లు బైర్లు కమ్ముతాయి. నిలబడిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 పాయింట్లో అంతకు మించో పడిపోవడం ఒక రకం. బీపీ అంతగా పడకుండానే, పది నిమిషాల్లో గుండె వేగం నిమిషానికి 30 సార్లకు పైగా పెరిగే ‘పాట్స్’ మరో రకం. కూర్చోబెట్టి బీపీ చూస్తే రెండూ దొరక్కపోవచ్చు. అందుకే ‘అంతా నార్మల్’ అన్న రిపోర్టు చేతిలో ఉన్నా మనిషి సొమ్మసిల్లుతూనే ఉంటుంది. కూర్చుంటే తేరుకునే ఒంటికి కుర్చీ విలాసం కాదు, వైద్యంలో భాగం.

దీనికి రక్తహీనత తోడైతే నీరసం, తల తిరుగుడు ఇంకా పెరుగుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ‘అయితే ఐరన్ మాత్రలు వాడాలి, స్టూలెందుకు?’ అనొచ్చు. పరీక్షలూ మందులూ తప్పనిసరే. కానీ గుణం కనిపించడానికి వారాలు, నెలలు పడుతుంది. అప్పటిదాకా జీతం ఆగకూడదు కదా!

‘కస్టమర్ ముందు కూర్చుంటే మర్యాదేం బాగుంటుంది’ అనేది యజమానుల అభ్యంతరం. బ్యాంకు కౌంటర్లో ఉద్యోగి కూర్చునే డబ్బిస్తాడు, దాన్ని అవమానమని ఎవరూ అనుకోరు. ‘కూర్చోనిస్తే పని ఎగ్గొడతారు’ అన్న భయానికి చట్టమే జవాబు చెప్పింది. నిలబడి పనిచేసేవారికి మధ్యలో తీరిక దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. బట్టల షాపుల మహిళల పోరాటం తర్వాత కేరళ 2018లో, ఆపైన 2021లో తమిళనాడు దుకాణాల్లోనూ ఆ హక్కు ఇచ్చాయి. డ్రైవింగు, ఎత్తుమీద పనులు, యంత్రాల దగ్గర పనుల సంగతి వేరు. అక్కడ కళ్లు తిరిగితే ప్రాణాపాయమే. అలాంటప్పుడు మార్చాల్సింది పనిని, తీసేయాల్సింది మనిషిని కాదు.

ఉద్యోగులూ ఒకటి గుర్తుంచుకోవాలి. బీపీని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మరోసారి చూడమని డాక్టరును అడగండి. కళ్లు తిరుగుతున్నాయని ఉప్పు నీళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు, హై బీపీ, కిడ్నీ జబ్బులుంటే ప్రమాదం. ఛాతీనొప్పితో గానీ శ్రమ చేస్తుండగా గానీ స్పృహ తప్పితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక యజమానులు చేయాల్సింది సులువు. ప్రతి కౌంటర్ వెనక ఒక స్టూలు వేయండి, దాని మీద కూర్చుంటే ఎవరూ కసరకుండా చూడండి.