కంచెలు దాటిన రౌతు

1929లో ఇంగ్లండునందలి లివర్‌పూలు చెంత, ఏన్‌ట్రీ మైదానమున, గ్రాండ్ నేషనల్ పందెమునకు 66 గుఱ్ఱములు బయలుదేరినవి. అంతటి గుంపు ఆ పందెమున మరెన్నడును లేదు. నాలుగు మైళ్లకు పైబడిన పరుగు. ముప్పది కంచెలు దాటింపవలెను. పందెగాండ్రు రూపాయికి నూరిత్తుమనిన గ్రెగలాక్‌పై బాబ్ ఎవరెట్ గెలిచెను. ముందున్న ఈస్టర్ హీరో లాడము వంకరపోయినమాట నిజమే; అయినను వట్టి అదృష్టమనుట అన్యాయము. గుఱ్ఱమును తుదిదాక నిలిపినది రౌతే గదా!

ఆ కీర్తి కొద్దికాలమే. రెండవ ప్రపంచ యుద్ధమున అతడు నౌకాదళ వైమానికుడయ్యెను. మేప్లిన్ ఓడపైనుండి హరికేన్ విమానమును యంత్రముతో విసరుదురు. మరల దిగుటకు ఓడపై తావులేదు. ఏన్‌ట్రీలో కంచె కావల నేలయైన నుండెను! 1941 ఆగస్టు 3న అట్లెగసి, జర్మనుల కాండర్ విమానమును కూల్చి, సముద్రమున దిగి బ్రతికెను, డి.ఎస్.ఓ. గౌరవమందెను. ఆఱు నెలలు నిండకమునుపే, 1942 జనవరిలో, వేల్సునందలి ఆంగ్లసీ చెంత విమానము కూలి మరణించెను.