సబ్బు చేసే మురికి

పిల్లలూ! మీ స్నానాలగదిలోని బకెట్టు లోపలి అంచును ఒకసారి వేలితో రాసి చూడండి. తెల్లగా, కాస్త జిడ్డుగా, కాస్త గరుకుగా ఒక పొర తగులుతుంది. గోడ పలకలమీద, కుళాయి చుట్టూ, మగ్గు అడుగున కూడా అదే పొర. పళ్ళకు గార పట్టినట్టు పట్టి ఉంటుంది. దాన్ని మనం మురికి అంటాము. కాని అది మన ఒంటి మురికి కాదు. మరేమిటి?

ఈ ప్రశ్న నన్ను అడిగినవాడు తొమ్మిదో తరగతి విద్యార్థి. వాళ్ళ అమ్మ నాంపల్లి స్టేషను దగ్గర ఒక లాడ్జీలో గదులు శుభ్రం చేస్తుంది. అక్కడి టబ్బులకు, పలకలకు తెల్లని గార పడుతుంది. "సరిగా కడగడం లేదు" అని ఆమెకు రోజూ చీవాట్లు. ఒకనాడు విసిగిపోయి, బాత్‌రూములు కడిగే యాసిడ్ పోసి, దానిమీదే బ్లీచింగు పౌడరు చల్లింది. క్షణంలో ఘాటైన వాసన లేచింది. కళ్ళు మండాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అదృష్టం బాగుండి తలుపు తెరిచే ఉంది. బయటికి పరుగెత్తి ప్రాణం దక్కించుకుంది.

మర్నాడు ఆ అబ్బాయి రెండు ప్రశ్నలు వేశాడు. "సార్, రోజూ సబ్బుతో కడిగేచోట మురికి ఎలా చేరుతుంది? అమ్మకు దగ్గు ఎందుకు వచ్చింది?" రెండింటికీ జవాబు మీ రసాయనశాస్త్ర పాఠంలోనే ఉంది.

నీటిలో దాగిన రాయి

అబిడ్సుకు, నాంపల్లికి దగ్గరలో మొజంజాహి మార్కెట్టు ఉంది. 1935లో దాన్ని గ్రానైటు రాతితో కట్టారు. హైదరాబాదు నేల కింద ఉన్నది కూడా ఆ జాతి రాయే. బోరుబావి తవ్వితే ఆ రాతి పగుళ్ళలో నిలిచిన నీరు పైకి వస్తుంది. ఏళ్ళ తరబడి మట్టితో, రాతితో కలిసి ఉన్నందువల్ల ఆ నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. ఇవి ఎక్కువగా ఉన్న నీటినే కఠినజలం అంటారు.

చెరువు నీరు అలా కాదు. 1908లో మూసీ నదికి భయంకరమైన వరద వచ్చింది. అటువంటి ముప్పు మళ్ళీ రాకుండా 1920లో ఉస్మాన్‌సాగర్‌ను, 1927లో హిమాయత్‌సాగర్‌ను నిర్మించారు. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేట చెరువే. అందులో చేరేది చాలావరకు వాననీరు. రాతిలో ఎక్కువకాలం నిలవదు కనుక సాధారణంగా బోరు నీటికన్నా మెత్తగా ఉంటుంది. నల్లా నీటితో తలంటుకుంటే నురుగు బాగా రావడం, బోరు నీటితో రాకపోవడం మీలో చాలామంది గమనించే ఉంటారు.

సబ్బు ఎక్కడికి పోయింది?

సబ్బులో ముఖ్యమైన పదార్థం సోడియం స్టియరేటు వంటి కొవ్వు ఆమ్ల లవణం. ఇది నీటిలో కరుగుతుంది. కఠినజలంలో కాల్షియం ఎదురుపడగానే సోడియం పక్కకు తప్పుకుంటుంది, కాల్షియం ఆ చోటు ఆక్రమిస్తుంది.

సోడియం స్టియరేటు + కాల్షియం బైకార్బొనేటు → కాల్షియం స్టియరేటు + సోడియం బైకార్బొనేటు

ఈ కాల్షియం స్టియరేటు నీటిలో కరగదు. తెల్లని తెట్టుగా తేలి, దొరికిన గోడకల్లా అంటుకుంటుంది. మనం మురికి అనుకున్నది ఇదే. అంటే, పని చేయకుండానే పాడైపోయిన సబ్బు!

ఎంత సబ్బు పాడవుతుందో లెక్క వేద్దాం. తాగే నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఉండవచ్చునని భారతీయ ప్రమాణం చెబుతోంది. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతిస్తుంది. 200 ఉన్న నీటిలో లీటరుకు సుమారు 1.2 గ్రాముల సోడియం స్టియరేటు తెట్టుగా మారితే కాని నురుగు నిలవదు. 20 లీటర్ల బకెట్టు నీటిలో బట్టలు నానబెడితే సుమారు 24 గ్రాములు! 600 ఉన్న నీటిలో అయితే దీనికి మూడింతలు. 100 గ్రాముల సబ్బుబిళ్ళలో ముప్పాతిక భాగం నీటి పాలే.

గారను వదిలించడం ఎలా?

మళ్ళీ సబ్బు పెట్టి రుద్దితే గార పెరుగుతుందే కాని తగ్గదు. దీనికి కావలసింది ఆమ్లం. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం, వినెగరులో ఎసిటిక్ ఆమ్లం ఉన్నాయి. వినెగరును మన ఊళ్ళో సిర్కా అని కూడా అంటారు. ఇత్తడి చెంబును తోమే చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం.

సిర్కాలో గుడ్డ తడిపి గారమీద 15 నిమిషాలు పరచండి. కాల్షియం విడిపోయి నీటిలో కరిగిపోతుంది. కాని ఇక్కడితో పని అయిపోలేదు. గోడమీద స్టియరిక్ ఆమ్లం మిగులుతుంది. ఇది కొవ్వొత్తుల తయారీలో వాడే మైనం వంటి పదార్థం, నీటికి లొంగదు. అందుకే ముందు సిర్కాను నీటితో పూర్తిగా కడిగేసి, ఆ తర్వాత వేడినీటిలో డిటర్జెంటు పొడి కలిపి కొబ్బరిపీచుతో రుద్దాలి. డిటర్జెంటు సబ్బులాగా కాల్షియంతో తెట్టు కట్టదు.

ఒక్క జాగ్రత్త. మన పాత ఇళ్ళలో నేలకు షాబాదు బండలు, తాండూరు బండలు పరిచి ఉంటాయి. అవి సున్నపురాళ్ళు. ఆమ్లం పడితే పొంగి, నునుపు పోతుంది. పాలరాయి కూడా అంతే. ఎనామెలు టబ్బుమీద కూడా ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచకూడదు.

ఈ రెండూ కలపకండి!

ఇక రెండో ప్రశ్న. బాత్‌రూము యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది బ్లీచింగు పౌడరుతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో 1915 ఏప్రిల్ 22న ఈప్ర దగ్గర జర్మనీ సైన్యం శత్రువులమీదికి వదిలిన విషవాయువు ఇదే. క్లోరిన్ గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. కనుక నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. గొంతుక్కూర్చుని నేల రుద్దే మనిషి ముక్కుకు సరిగ్గా అందుతుంది. నిమ్మరసం, సిర్కా కూడా ఆమ్లాలే కనుక వాటిని కూడా బ్లీచింగుతో కలపరాదు.

పొరపాటున వాసన వస్తే కడుగుతూ కూర్చోవద్దు. వెంటనే బయటికి, మంచి గాలిలోకి వెళ్ళాలి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఆ శనివారం వాళ్ళ అమ్మ బడికి వచ్చింది. "ఎంత రుద్దినా పోతలేదు సారూ, నా చేతుల్లోనే తప్పున్నదనుకున్న" అంది. తప్పు ఆమె చేతులది కాదు, నీటిదని చెప్పాను. సిర్కా, తర్వాత డిటర్జెంటు, చివర పొడిగుడ్డతో తుడవడం అనే వరుసను ఆ అబ్బాయే తల్లికి ఒక కాగితంమీద రాసి ఇచ్చాడు. తుడిస్తే నీరు గోడమీద ఆరదు, లవణాలు మిగలవు. దాని కింద ఎర్ర సిరాతో "యాసిడ్, బ్లీచింగు కలపవద్దు" అని కూడా రాశాడు. మీ ఇంట్లో కూడా ఒక కాగితం అతికించండి.

మీరూ చేసి చూడండి

ఒకే పరిమాణం గల మూడు సీసాలు తీసుకోండి. ఒకదానిలో వాననీరు, ఒకదానిలో నల్లా నీరు, ఒకదానిలో బోరు నీరు సమానంగా పోయండి. సబ్బు ద్రావణాన్ని చుక్క చుక్కగా వేస్తూ, ప్రతిసారీ మూత పెట్టి కుదపండి. నురుగు కొన్ని నిమిషాలు నిలిచేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోండి. ఎక్కువ చుక్కలు తాగిన నీరే ఎక్కువ కఠినం. స్కాట్లండు రసాయనవేత్త థామస్ క్లార్క్ 19వ శతాబ్దంలో ప్రవేశపెట్టిన పరీక్ష ఇదే. మీ వీధి నీరు ఏ రకమో తేల్చి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.