కళ్లజోడులో అడుగు తప్పితే...

గల్ఫ్ సైట్లలో ఎత్తు మీద పనిచేసే మాలాంటి కొందరికి ఇప్పుడు సేఫ్టీ పాఠం వీఆర్ హెడ్‌సెట్‌లోనే. మొన్న ట్రైనింగ్ గదిలో ఎవరో లైట్లు ఆర్పారు. మేం నిలబడ్డచోటే ఉన్నాం, కళ్లముందు స్కాఫోల్డింగ్ మాత్రం పక్కకు జారిపోయింది. గుండె ఝల్లుమంది!

ఈ రకం హెడ్‌సెట్లకు కెమెరాలే కళ్లు. 2019లో వచ్చిన ఓక్యులస్ క్వెస్ట్‌కు అవి 4. గది మూలలు, వస్తువులు చూసి మనమెక్కడున్నామో లెక్కగడతాయి. చీకటైనా, గోడ బోసిగా ఉన్నా ఆనవాలు దొరకదు. ఇక లోపలి కదలిక సెన్సర్లే దిక్కు. తల ఎటు తిప్పామో అవి బాగానే చెబుతాయి. ఎంత జరిగామన్న లెక్కలో మాత్రం చిన్న తప్పు క్షణాల్లో పెద్దదవుతుంది. కరెంటు పోయిన ఇంట్లో అడుగులు లెక్కబెట్టుకుని నడిచినట్టే!

అందుకే లైటు వెయ్యమందాం. బోసి గోడకు పోస్టర్లు అంటిద్దాం. కెమెరాలు మెత్తని గుడ్డతో తుడుద్దాం. బొమ్మ జారితే అడుగు వేయకుండా హెడ్‌సెట్ తీసేద్దాం. రేపు అసలు స్కాఫోల్డింగ్ మీద కాలు తడబడకూడదనే కదా ఈ పాఠం!