గ్రహాల నడుమ బాటసారులు

సూర్యకుటుంబం బొమ్మ గీయమంటే బడిపిల్లలు సూర్యుని చుట్టూ ఎనిమిది గీతలు గీసి, ఒక్కో గీతపై ఒక్కో గ్రహాన్ని పెడతారు. గురుగ్రహానికీ నెప్ట్యూన్‌కూ మధ్య ఉన్న విశాలమైన చోటు దాదాపు ఖాళీగానే కనిపిస్తుంది. నిజానికి అది ఖాళీ కాదు. మంచు, రాయి కలిసిన చిన్న చిన్న శకలాలు అక్కడ సంచరిస్తున్నాయి. వీటినే శాస్త్రజ్ఞులు సెంటార్లు అంటారు.

1977లో అమెరికాలోని పాలోమార్ వేధశాలలో తీసిన ఛాయాచిత్రాల్లో చార్లెస్ కోవాల్ ఇలాంటిదొకటి గుర్తించారు. దానికి కైరాన్ అని పేరు పెట్టారు. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి దానికి సుమారు 50 ఏళ్లు పడుతుంది. మొదట దాన్ని గ్రహశకలంగా లెక్కించారు. 1980ల చివర్లో దాని చుట్టూ తోకచుక్కకు ఉన్నట్టే పల్చని మబ్బు కనిపించింది. అందుకే నేడు కైరాన్ పేరు గ్రహశకలాల జాబితాలోనూ, తోకచుక్కల జాబితాలోనూ ఉంది. గ్రీకు గాథల్లో సెంటార్ అంటే సగం మనిషి, సగం గుర్రం. ఈ రెండు స్వభావాల శకలాలకు ఆ పేరు చక్కగా అమరింది.

సెంటార్లు ఆ చోట స్థిరంగా ఉండలేవు. పెద్ద గ్రహాల ఆకర్షణ వాటి దారిని మారుస్తూనే ఉంటుంది. కొన్ని లక్షల నుంచి కొన్ని కోట్ల ఏళ్లలో అవి సూర్యుని వైపు వచ్చి తోకచుక్కలవుతాయి, లేదా సూర్యకుటుంబం నుంచే బయటపడతాయి. సూర్యకుటుంబం వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు. అయినా సెంటార్లు నేటికీ కనిపిస్తున్నాయంటే, వెళ్లినవాటి స్థానంలో కొత్తవి వస్తూ ఉండాలి. అవి ఎక్కువగా నెప్ట్యూన్‌కు ఆవల ఉన్న చలి ప్రాంతం నుంచి వస్తాయి.

ఇంత చిన్నవాటిని ఇంత దూరం నుంచి పరిశీలించడం ఎలా? 2013 జూన్ 3న కారిక్లో అనే సెంటార్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చింది. దక్షిణ అమెరికాలో పలుచోట్ల నుంచి ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ నక్షత్రపు వెలుగును కొలిచారు. కారిక్లో అడ్డం రావడానికి కాస్త ముందూ, తొలగిన కాస్త తర్వాతా ఆ వెలుగు క్షణంపాటు తగ్గింది. అన్నిచోట్ల లెక్కలనూ కలిపి చూస్తే సంగతి తేలింది: సుమారు 250 కిలోమీటర్ల వెడల్పున్న కారిక్లో చుట్టూ రెండు సన్నని వలయాలున్నాయి! అప్పటివరకు వలయాలు పెద్ద గ్రహాలకే ఉంటాయనుకున్నారు.

ఇంతవరకు ఏ వ్యోమనౌకా సెంటార్ల దగ్గరకు వెళ్లలేదు. గ్రహాలు ఏర్పడిన కాలం నాటి మంచును ఇంకా మోస్తున్న ఈ బాటసారులను అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.